కేలరీలు తగ్గించుకుంటూ చీజ్ తినడం ఎలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

మియాపూర్_మెట్రో (హైదరాబాద్)

అందరికీ నమస్తే. డైటీషియన్ నాకు రోజుకి 1,500 కేలరీల ప్లాన్ ఇచ్చారు. అన్నం తగ్గించడం, సాయంత్రం బజ్జీలు మానడం పెద్ద కష్టం అనిపించలేదు. చీజ్ దగ్గరికి వచ్చేసరికే టెన్షన్. జిమ్‌లో ట్రైనర్ అయితే చీజ్ అసలు ఇంట్లోకే తేవద్దంటున్నారు. మా ఇంట్లో పొద్దున బ్రెడ్ మీద ఒక స్లైస్, ఆదివారం చీజ్ దోశ, అప్పుడప్పుడు పిజ్జా, ఇంతే మా వాడకం. చిన్నప్పటి నుంచి నాకు ప్రాణం అది. దాన్ని పూర్తిగా తీసేస్తే ఈ ప్లాన్ ఎక్కువ కాలం నిలబడదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మానేయమని కాకుండా, ఏ చీజ్ తినొచ్చు, ఎంత తినొచ్చు, దేనితో తింటే బాగుంటుందో చెప్పండి. ఇంట్లో అందరికీ ఒకటే వంట. నాకోసం వేరే వండుకునే టైమ్ లేదు.

---

లెక్కలపుస్తకం (విజయవాడ)

మానేయక్కర్లేదండీ. కాకపోతే ఇకనుంచి చీజ్‌ని ముక్కల్లో కాదు, గ్రాముల్లో చూడాలి.

కొవ్వు గ్రాముకి 9 కేలరీలు, ప్రొటీన్ గ్రాముకి 4. చీజ్‌లో ఈ రెండే ఎక్కువ. అందుకే కొవ్వు ఎంత ఉందన్న దాన్ని బట్టే కేలరీలు మారిపోతాయి. 100 గ్రాములకి లెక్క ఇది (కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది, ప్యాకెట్ వెనకాల చూసుకోండి):

చెడ్డర్: 400 కేలరీలు, ప్రొటీన్ 24 గ్రాములు
పార్మెజాన్: దాదాపు 400, ప్రొటీన్ 35
మొజరెల్లా: 280 నుంచి 300, ప్రొటీన్ 22
స్లైసులు, క్యూబుల్లో వచ్చే ప్రాసెస్డ్ చీజ్: 310, ప్రొటీన్ 20
ఫెటా: 265, ప్రొటీన్ 14
పనీర్: 260 నుంచి 320, ప్రొటీన్ 18 నుంచి 20
కొవ్వు తగ్గించిన కాటేజ్ చీజ్ (పనీర్ కాదు, గడ్డపెరుగులా మెత్తగా ఉండే చీజ్): 80 నుంచి 90, ప్రొటీన్ 11
క్రీమ్ చీజ్: 350, ప్రొటీన్ 6

చివరిది గమనించండి. కేలరీలు చెడ్డర్‌కి దగ్గరగా ఉన్నాయి, ప్రొటీన్ మాత్రం నాలుగో వంతే. డైట్‌లో ఉన్నప్పుడు ఆకలి ఆపేది ప్రొటీన్ కాబట్టి, క్రీమ్ చీజ్‌ని చీజ్ ఖాతాలో కాదు, వెన్న ఖాతాలో రాసుకోవాలి.

మన దగ్గర దొరికే మామూలు స్లైస్ 20 గ్రాములు ఉంటుంది. అంటే 60 కేలరీల పైచిలుకు. 1,500లో అది పెద్ద భారం కాదు. మీ పొద్దుటి స్లైస్‌ని ధైర్యంగా ఉంచుకోండి. బ్రెడ్‌కి వెన్న రాస్తుంటే మాత్రం ఆపండి. టేబుల్ స్పూన్ వెన్న 100 కేలరీలు, ప్రొటీన్ దాదాపు సున్నా.

---

వరంగల్_వాకర్ (హనుమకొండ)

పై పోస్టుకి నా ఓటు. చీజ్ దోశ గురించి ఒక మాట. బండి దగ్గర నిలబడి ఈసారి గమనించండి. పెనం మీద బటర్ ఎంత వేస్తున్నారో చూడండి. రెండు టేబుల్ స్పూన్లు అనుకుంటే అదే 200 కేలరీలు. పైన తురిమిన చీజ్ 40 గ్రాములు అనుకున్నా 125 దాటదు. పేరు చీజ్ దోశ, బరువు పెంచేది బటర్. "అన్నా, బటర్ వద్దు, చీజ్ మాత్రం వెయ్" అని చెప్తే వేస్తారు. నేను అలాగే తింటున్నా. రుచి తగ్గిందని నాకైతే అనిపించలేదు. చీజ్ కరిగినప్పుడు దాంట్లోంచి వచ్చే కొవ్వే దోశకి చాలు.

---

తెనాలి_పెద్దాయన

అమ్మా, పెద్దవాడిగా చెప్తున్నాను, మరోలా అనుకోకు. మనకి పెరుగుంది, మజ్జిగ ఉంది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల పళ్లానికి పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు అన్నారు. నూనెలు, కొవ్వులు అన్నీ కలిపి 27 గ్రాములే. నీకు ఇచ్చింది 1,500. ఆ కాస్త చోటులో చీజ్‌ని ఇరికించడం ఎందుకు? గడ్డపెరుగులో ఉల్లిపాయ ముక్కలు వేసుకుంటే కడుపు నిండదా? అలవాటు మార్చుకోవడమే మేలని నా ఉద్దేశం.

---

డల్లాస్_వంటిల్లు

పెద్దాయన గారూ, మీరు చెప్పిన పెరుగు మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఇష్టమైనది తీసేసిన డైట్ ఎలా ముగుస్తుందో మా ఇంట్లోనే చూశాను. మా చెల్లి ఒక్కసారిగా అన్నీ మానేసింది. తర్వాత పండక్కి ఇండియా వెళ్లినప్పుడు కట్టు తెగినట్టు తినేసింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడానికి చాలా బాధపడింది. కొంచెం కొంచెం రోజూ తింటూ ఉంటే ఆ ఆరాటం రాదు. అందుకే నేను మియాపూర్ గారి వైపే.

ఇక వంట సంగతి. తక్కువ చీజ్‌తో ఎక్కువ రుచి రావాలంటే రెండు పనులు చేయాలి. ఒకటి, ఘాటైన చీజ్ కొనడం. ఎక్కువ నెలలు మాగబెట్టిన చెడ్డర్ 15 గ్రాములు ఇచ్చే రుచిని, చప్పటి మెత్తటి చీజ్ 40 గ్రాములు వేసినా ఇవ్వలేదు. రెండు, దాన్ని నాలుకకి తగిలేచోట పెట్టడం. కూర లోపల కలిపేస్తే చీజ్ మాయమైపోతుంది, కేలరీలు మాత్రం ఉంటాయి. స్టవ్ కట్టేశాక పైన సన్నగా తురమండి. బాగా సన్నపు తురుముపీట వాడితే టేబుల్ స్పూన్ పార్మెజాన్ 5 గ్రాములే తూగుతుంది. అంటే 20 కేలరీలు! ఆ మాత్రం తురుము గుడ్డు పొరుటు మీద వేసి, మిరియాల పొడి చల్లి చూడండి.

ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తినకండి. చల్లగా ఉంటే వాసన తెలియదు, రుచి సగమే తెలుస్తుంది. ముక్కగా తినే చీజ్ అయితే అరగంట ముందే బయట పెట్టండి.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఇంకో మాట. కాటేజ్ చీజ్ చప్పగా ఉంటుందని పక్కన పెట్టేస్తారు. దాన్ని మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, కీరా ముక్కలు, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి, అర చెంచా నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ తాలింపు పెట్టండి. పెరుగు పచ్చడి తిన్నట్టే ఉంటుంది. కప్పుకి పాతిక గ్రాముల దాకా ప్రొటీన్ వస్తుంది. మా పిల్లలు చపాతీకి ఇదే అడుగుతారు.

---

బీపీ_జాగ్రత్త (విశాఖపట్నం)

అందరూ కేలరీలే మాట్లాడుతున్నారు. ఉప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే 2,000 మిల్లీగ్రాముల సోడియం. ప్రాసెస్డ్ చీజ్ స్లైస్ ఒక్కదాంట్లోనే 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. మామూలు ఉప్పుతో పాటు, చీజ్ మెత్తగా ఒకేలా కరగడానికి సోడియం సిట్రేట్, సోడియం ఫాస్ఫేట్ లాంటివి కలుపుతారు. ప్యాకెట్ మీద 331, 339 అంకెలు కనిపించేది వాటికే. ఫెటాని ఉప్పునీళ్లలోనే నిల్వ చేస్తారు కాబట్టి అందులోనూ ఎక్కువే. కాటేజ్ చీజ్‌లో కేలరీలు తక్కువ కదా అని ఉప్పు కూడా తక్కువనుకోకండి.

మనవాళ్లకి అసలు సమస్య ఏంటంటే, చీజ్ రాకముందే మన పళ్లెంలో ఉప్పు నిండుగా ఉంది. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, మాగాయ పెరుగుపచ్చడి. నాకు బీపీ ఉంది. డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకున్న పద్ధతి ఇది: చీజ్ తిన్న రోజు ఊరగాయ, అప్పడం ఉండవు. ఊరగాయ తిన్న రోజు చీజ్ ఉండదు. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఎంత తినాలో మీ డాక్టర్‌నే అడగండి. ఇక్కడ మేం చెప్పిన గ్రాములు మీకు వర్తించకపోవచ్చు.

---

లెక్కలపుస్తకం (విజయవాడ)

చాలా మంచి పాయింట్. దీనికి జత ఇంకొకటి: శాచురేటెడ్ కొవ్వు, అంటే నెయ్యి, వెన్న, చీజ్‌లలో ఎక్కువగా ఉండే రకం కొవ్వు. రోజు మొత్తం కేలరీల్లో అది 10 శాతం దాటకూడదంటారు. 1,500లో 10 శాతం 150. దాన్ని 9తో భాగిస్తే 16 గ్రాముల పైన వస్తుంది. చెడ్డర్ 30 గ్రాములు తింటే అందులో దాదాపు 6 గ్రాములు అయిపోయినట్టే. చెంచా నెయ్యిలో 3 గ్రాములు. అందుకే ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి తినే రోజున చీజ్ పక్కన పెట్టేయండి. రెండూ ఒకే రోజు ఉంటే మిగతా పూటల్లో వేపుళ్లు ఉండకూడదు.

---

మియాపూర్_మెట్రో (హైదరాబాద్)

నెయ్యి, చీజ్ ఒకే ఖాతాలోకి వస్తాయన్నది నాకు కొత్త విషయం. చాలా థ్యాంక్స్. పెద్దాయన గారూ, మీ మాట నాకేమీ బాధ కలిగించలేదు. మధ్యాహ్నం పెరుగు ఎలాగూ తింటున్నాను.

ఇప్పుడు రెండు సందేహాలు. బజార్లో 'లో ఫ్యాట్' అని రాసి ఉన్న చీజ్ కొనొచ్చా? పిజ్జా మాటేమిటి?

---

రీడింగ్_తెలుగు (ఇంగ్లండ్)

లో ఫ్యాట్ గురించి నేను చెప్తాను. ఇక్కడ కొవ్వు తగ్గించిన చెడ్డర్ ప్రతి షాపులో దొరుకుతుంది. చల్లగా శాండ్‌విచ్‌లో పెట్టుకోవడానికి బాగానే ఉంటుంది. కరిగించాలంటేనే చిక్కు. చీజ్‌లో ప్రొటీన్ వల మధ్య కొవ్వు ఉండబట్టే అది మెత్తగా జారుతుంది. కొవ్వు తీసేస్తే ఆ వల గట్టిపడి రబ్బరులా సాగుతుంది, త్వరగా ఎండిపోతుంది. నేను సగం మామూలుది, సగం తక్కువ కొవ్వుది కలిపి తురుముతాను. పెనం మీద మూత పెట్టి సన్నటి సెగ మీద కరిగిస్తే తేడా పెద్దగా తెలియదు. ఆవిరి బయటికి పోకపోవడం ముఖ్యం.

ముందే తురిమి ప్యాకెట్లలో అమ్మేదాంట్లో ముక్కలు అంటుకోకుండా పిండి లాంటిది కలుపుతారు. అందుకే అది నున్నగా కరగదు. బిళ్ల కొని ఇంట్లో తురుముకోండి.

ఇక్కడివాళ్లు కొలత కోసం ఒకటి చెప్తారు: 30 గ్రాముల చీజ్ అగ్గిపెట్టె అంత ఉంటుందని. త్రాసు లేనిచోట అదే నా కొలత.

---

పాలకేంద్రం (చిత్తూరు)

నేను పాల రంగంలో పనిచేస్తాను. పిజ్జా గురించి చెప్పాల్సింది ఉంది.

పిజ్జాలో మొదటి భారం మైదా రొట్టె. చీజ్, నూనె ఆ తర్వాత. పల్చటి రొట్టె అడగండి, అంచుల్లో చీజ్ నింపింది వద్దనండి. రెండు ముక్కలు తిని పక్కన పెద్ద గిన్నెడు కూరగాయ ముక్కలు పెట్టుకుంటే ఆ పూట గడుస్తుంది.

కానీ నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే విషయం. చవక హోటళ్లలో, బేకరీల్లో చీజ్ పేరుతో వేసేది చాలాసార్లు చీజ్ కాదు. పామాయిల్, పిండి పదార్థం, కొద్దిగా పాల ప్రొటీన్ కలిపి తయారుచేసే అనలాగ్ అది. అది అమ్మడం తప్పు కాదు. అయితే పాల చీజ్ అని నమ్మించకుండా ప్యాకెట్ మీద స్పష్టంగా రాయాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రత సంస్థ) నిబంధన ఉంది. హోటల్ టేబుల్ దగ్గరికి మాత్రం ఆ ప్యాకెట్ రాదు కదా. మీరు కష్టపడి కేలరీలు లెక్కపెట్టుకుని, ప్రొటీన్ వస్తుందనుకుని తిన్నది నూనె ముద్ద అయితే ఎంత అన్యాయం!

షాపులో కొనేటప్పుడు పదార్థాల జాబితా చదవండి. ప్రాసెస్ చేయని అసలు చీజ్‌కి కావాల్సినవి పాలు, ఉప్పు, కల్చర్ (తోడు లాంటిది), పాలు గడ్డకట్టించే ఎంజైమ్. అంతే. జాబితాలో వనస్పతి కొవ్వు, పామాయిల్, స్టార్చ్ కనిపిస్తే పక్కన పెట్టండి. ఇంకో గుర్తు, మొజరెల్లాలో ప్రొటీన్ 100 గ్రాములకి 20 పైన ఉండాలి. 10 లోపు ఉంటే అనుమానించాల్సిందే. కిలో గట్టి చీజ్ చేయడానికి దాదాపు 10 లీటర్ల పాలు పడతాయి. పాల ధర తెలిసినవాళ్లకి, అతి చవకగా వచ్చే చీజ్ దేనితో చేసిందో వేరే చెప్పనక్కర్లేదు.

---

పచ్చచుక్క (బెంగళూరు)

మేం పూర్తి శాకాహారులం. పార్మెజాన్ 5 గ్రాములు చాలన్నారు కదా, ఆశ పుట్టింది. కానీ అందులో దూడ పొట్టలోంచి తీసినది వాడతారని విన్నాను. నిజమేనా?

---

పాలకేంద్రం (చిత్తూరు)

నిజమే. ఇటలీ నుంచి వచ్చే పార్మిజానో రెజ్జానో అనే అసలుదానికి దూడ రెన్నెట్ (దూడ పొట్టలోంచి తీసే, పాలు గడ్డకట్టించే ఎంజైమ్) వాడాలన్నది అక్కడి నియమం. కాబట్టి అది మీకు కుదరదు. మన దేశంలో చేసే చీజ్‌లు ఎక్కువగా సూక్ష్మజీవుల నుంచి తీసిన ఎంజైమ్‌తో చేసినవే. ఆకుపచ్చ చుక్క చూసి కొనండి. పార్మెజాన్ తరహా గట్టి చీజ్‌ని శాకాహార ఎంజైమ్‌తో చేసేవాళ్లు ఇండియాలోనూ ఉన్నారు, తురుముకోవడానికి అది చాలు.

పాలు పడనివాళ్లు కూడా ఇది చదువుతుంటే ఒక మాట. నెలల తరబడి మాగిన గట్టి చీజ్‌లో లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) దాదాపు ఉండదు. గ్లాసు పాలు తాగితే కడుపు ఉబ్బరించేవాళ్లలో చాలామందికి చెడ్డర్ ముక్క ఇబ్బంది పెట్టదు.

---

వరంగల్_వాకర్ (హనుమకొండ)

మా ఇంట్లో చేసుకునేవి రాస్తున్నా, అందరికీ ఒకటే వంట అన్నారు కదా.

పెసరట్టు. పైన ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి, వాటి మీద 20 గ్రాముల చీజ్ తురుము, మూత. పెసలలోనే ప్రొటీన్ ఉంది, దానికి చీజ్ తోడవుతుంది. ఉప్మా లోపల పెట్టకుండా తింటే ఒక్క అట్టుతో టిఫిన్ అయిపోతుంది. అల్లం పచ్చడి బెల్లంతో చేస్తారు కాబట్టి కొంచెమే.

జొన్నరొట్టె. పాలకూర, వెల్లుల్లి నూనె చుక్కతో వేయించి, రొట్టె వేడిగా ఉన్నప్పుడే చీజ్ తురుము చల్లి చుట్టేయడం. పిల్లల బాక్సుకి కూడా ఇదే. మా బాబు చుట్టలో ఎక్కువ చీజ్, నా చుట్టలో తక్కువ. వంట ఒకటే, కొలత వేరు.

పుల్లటిది, కారమైనది పక్కన ఉంటే కొంచెం చీజ్ కూడా గట్టిగా తెలుస్తుంది. టమాటా పచ్చడి రాసిన దోశ మీద చీజ్ వేసి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

---

డల్లాస్_వంటిల్లు

పిల్లల మాట వచ్చింది కాబట్టి అందరికీ ఒక మనవి. మనం డైట్‌లో ఉన్నామని పిల్లల చీజ్ తగ్గించకండి. వాళ్లు ఎదిగే వయసులో ఉన్నారు, వాళ్లకి ఆ కాల్షియం, ఆ శక్తి కావాలి. తల్లి పళ్లెం చూసి ఆడపిల్లలు చిన్న వయసులోనే తిండికి భయపడటం నేను దగ్గరగా చూశాను. వాళ్ల ముందు 'ఇది తింటే లావైపోతాం' అనే మాట అనకండి, దయచేసి.

---

తెనాలి_పెద్దాయన

ఆ చివరి మాట బంగారం. మా మనవరాలికి కూడా ఇలాంటి భయమే పట్టింది. ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

ఇక్కడ చదివిన తర్వాత నాకూ ఒకటి తోచింది. బజారు చీజ్ బదులు ఇంట్లోనే పాలు విరగ్గొట్టి పనీర్ చేసుకోవచ్చు కదా? ఉప్పు కూడా మన చేతిలో ఉంటుంది.

---

పాలకేంద్రం (చిత్తూరు)

చక్కగా చేసుకోవచ్చు పెద్దాయన గారూ. పాల ప్యాకెట్ ఏది కొంటున్నామన్నదే అక్కడ కీలకం. ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు 6 శాతం, టోన్డ్ పాలలో 3, డబుల్ టోన్డ్‌లో 1.5. లీటరు ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు 60 గ్రాములు, డబుల్ టోన్డ్‌లో 15. ఆ 45 గ్రాముల తేడా 400 కేలరీలు. ప్రొటీన్ మాత్రం రెండింట్లో ఇంచుమించు ఒకటే. పాలల్లో ఉన్న కొవ్వు చాలావరకు పనీర్‌లోకే వస్తుంది కాబట్టి ఈ తేడా నేరుగా మీ పళ్లెంలో తేలుతుంది.

డబుల్ టోన్డ్ పాలతో చేస్తే పనీర్ కాస్త గట్టిగా, పొడిగా వస్తుంది. అందుకని పాలు మరిగాక స్టవ్ కట్టేసి రెండు నిమిషాలు ఆగి, నిమ్మరసంలో నీళ్లు కలిపి కొంచెం కొంచెంగా పోయండి. విరుగుడు నీళ్లు పచ్చగా, తేటగా కనిపించగానే ఆపేయండి. బట్టలో కట్టాక ఎక్కువ బరువు పెట్టకండి. ముక్కలు కోయడానికి కాకుండా పొరుటులా చిదిమి వండుకోవడానికైతే బరువే అక్కర్లేదు.

---

మియాపూర్_మెట్రో (హైదరాబాద్)

నా ప్లాన్ చెప్తున్నా, తప్పుంటే దిద్దండి. పొద్దున ఒక స్లైస్, వెన్న లేకుండా. ఆదివారం బటర్ లేని చీజ్ దోశ, ఆ రోజు నెయ్యి, ఊరగాయ రెండూ బంద్. వారంలో రెండుసార్లు డబుల్ టోన్డ్ పాలతో పనీర్ పొరుటు. పెద్ద ప్యాకెట్ మొజరెల్లా కొంటే మాత్రం నాకు చేయి ఆగదు, దానికి ఏం చేయాలి?

---

రీడింగ్_తెలుగు (ఇంగ్లండ్)

ప్లాన్ బాగుంది. మొజరెల్లా తెచ్చిన రోజే తురిమి, 20 గ్రాముల చొప్పున చిన్న కవర్లలో వేసి ఫ్రీజర్‌లో పెట్టేయండి. గడ్డకట్టిన తర్వాత ముక్కగా తినడానికి బాగుండదు, కరిగించడానికి మాత్రం ఏమీ తేడా రాదు. గట్టి చీజ్‌ని ప్లాస్టిక్‌లో బిగించకండి, చెమ్మ పట్టి రుచి చెడుతుంది. వెన్న కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టండి.

---

పచ్చచుక్క (బెంగళూరు)

ఒక చిన్న ప్రశ్న. పనీర్ తీశాక మిగిలే విరుగుడు నీళ్లు పారబోయాలంటే మనసొప్పదు. పప్పులో పోయొచ్చా?

---

పాలకేంద్రం (చిత్తూరు)

పారబోయకండి. అందులో లాక్టోజ్, ఖనిజాలు, కొద్దిగా ప్రొటీన్ ఉంటాయి. కేలరీలు తక్కువే. చపాతీ పిండి వాటితో కలిపితే రొట్టెలు మెత్తగా వస్తాయి. చారులో కూడా బాగుంటాయి, చింతపండు తగ్గించుకోండి. పప్పులో అయితే పప్పు పూర్తిగా ఉడికాకే పోయండి. ముందే పోస్తే ఆ పులుపుకి పప్పు ఎంతసేపటికీ మెత్తబడదు.